సిబ్బంది లెక్కలో రేవు పనిని కూడా కలపండి: కేంద్ర షిప్పింగ్ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఓడరేవులు, షిప్పింగ్, జలమార్గాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం స్థానంలో పార్లమెంటు 2025లో కొత్త చట్టం చేసింది. అది ఓడ మీద ఎలా అమలవుతుందో తేల్చేవి మాత్రం దాని కింద వచ్చే నిబంధనలే. మన జెండా కట్టిన ఓడలో కనీసం ఎంతమంది, ఏ సర్టిఫికెట్లతో ఉండాలన్న విషయంలో మేము కోరేది ఒక్కటే. సముద్రంలో వాచ్‌లు (ఓడ నడిపే వంతుల డ్యూటీలు) చూసి ఆపేయకుండా, రేవులో పడే పనిని కూడా కలిపి ఆ సంఖ్య తేల్చండి.

సముద్రంలో ప్రాణరక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం సోలాస్ అయిదో అధ్యాయం 14వ నియమం ప్రకారం ఓడకు సేఫ్ మ్యానింగ్ డాక్యుమెంట్ (కనీసం ఎంతమంది సిబ్బంది ఉండాలో చెప్పే పత్రం) ఉండాలి. ఎంతమంది కావాలో కంపెనీ ప్రతిపాదిస్తుంది, జెండా దేశం (ఓడ రిజిస్టరైన దేశం) పరిశీలించి ఆమోదిస్తుంది. పని బాగా ఒత్తిడిగా ఉండే వేళలను కూడా చూడమని 2011 నాటి అంతర్జాతీయ సముద్రయాన సంస్థ (ఐఎంవో) తీర్మానం ఎ.1047 చెబుతోంది. టన్నేజీ, ఇంజన్ కిలోవాట్లు చూసి పట్టికలోంచి అంకె తీసి రాసేస్తే ఆ మాటకు విలువ లేదు.

ఇద్దరే వాచ్ చూసే చిన్న కోస్టల్ ఓడను తీసుకోండి. కెప్టెన్, మేట్ (కెప్టెన్ కింది డెక్ అధికారి) ఆరేసి గంటలు పంచుకుంటారు. ఒక్కొక్కరికి రోజుకు 12 గంటలు, వారానికి 84. వారంలో విశ్రాంతి 77 గంటలకు తగ్గకూడదు కనుక పని 91 గంటలు దాటకూడదు. మిగిలింది 7 గంటలు, అంటే రోజుకో గంట. మూరింగ్ (ఓడను రేవుకు తాళ్లతో కట్టడం), సరుకు, బ్యాలస్ట్ (ఓడ నిలకడకు ట్యాంకుల్లో నింపే నీరు), డ్రిల్లులు, పోర్టు కాగితాలు, ఇన్‌స్పెక్షన్లు అన్నీ ఆ గంటలోనే సర్దుకోవాలి. పైగా రోజు విశ్రాంతిని రెండు ముక్కలకు మించి చేయకూడదు, వాటిలో ఒకటి ఏకబిగిన ఆరు గంటలైనా ఉండాలి. వాచ్ అందుకోవడానికి పది నిమిషాలు ముందు బ్రిడ్జి (ఓడ నడిపే గది) ఎక్కితే చాలు, ఆ ఆరు గంటలు నిండవు. ఏ ఇబ్బందీ లేని రోజున కూడా నియమం తప్పినట్టే. అదే ముగ్గురుంటే తలా వారానికి 56 గంటల వాచ్ పోను 35 గంటలు చేతిలో ఉంటాయి. అందుకే 500 గ్రాస్ టన్నులు దాటిన ప్రతి ఓడకూ కెప్టెన్ కాక ఇద్దరు మేట్లు తప్పనిసరి చేయమంటున్నాం.

పెద్ద ఓడల్లో ముగ్గురు మేట్లుంటారు కదా, అక్కడ ఇబ్బందేమిటి అనవచ్చు. పారాదీప్‌లో బొగ్గు ఎత్తుకుని ఎన్నూరులో దించే బల్క్ క్యారియర్‌కు సముద్రంలో గడిచేది సుమారు రెండు రోజులే. తెల్లవారుజామున 4 నుంచి 8 వరకు వాచ్ చేసిన చీఫ్ ఆఫీసర్ (మేట్లలో మొదటివాడు) పైలట్ (రేవులోకి దారి చూపే నిపుణుడు) ఎక్కగానే ఫోకసిల్ (ఓడ ముందు భాగం) మీదికి వెళ్తాడు. తాళ్లు కట్టాక డ్రాఫ్ట్ సర్వే, అంటే ఓడ నీటిలో ఎంత మునిగిందో చూసి సరుకు బరువు లెక్కగట్టడం. లోడింగ్ మొదలైతే ఏ హోల్డులో (సరుకు గదిలో) ఎంత పోయాలి, ఏ బ్యాలస్ట్ ట్యాంకు ఎప్పుడు ఖాళీ చేయాలి, హల్ (ఓడ బాహ్య కట్టడం) మీద ఒత్తిడి హద్దులో ఉందా అన్నది చూసుకునేది అతనే. సెకండ్, థర్డ్ ఆఫీసర్లు ఆరేసి గంటలు మారతారు గానీ, లోడింగ్ చివర్లో ట్రిమ్మింగ్ పోతలు (ఓడ సమతూకానికి చివరగా పోసే సరుకు), బ్యాలస్ట్ స్ట్రిప్పింగ్ (ట్యాంకుల అడుగు నీరు తోడేయడం), ఫైనల్ డ్రాఫ్ట్ సర్వే అన్నీ అతని మెడకే చుట్టుకుంటాయి. అవి అయ్యాయో లేదో ఓడ బయల్దేరుతుంది, మళ్లీ వాచ్.

2010 ఏప్రిల్ 3న ఆస్ట్రేలియాలోని గ్లాడ్‌స్టోన్‌లో బొగ్గు ఎత్తుకుని బయల్దేరిన చైనా ఓడ షెన్ నెంగ్ 1 గ్రేట్ బారియర్ రీఫ్‌లోని డగ్లస్ షోల్ ఎక్కేసింది. అప్పుడు వాచ్‌లో ఉన్న చీఫ్ మేట్ అంతకుముందు 38 గంటల పైచిలుకులో నిద్రపోయింది రెండున్నర గంటలేనని అక్కడి దర్యాప్తు తేల్చింది. అలాంటి రాత్రి తర్వాత వాచ్ నుంచి తప్పించగల మరో మేట్ డాక్యుమెంట్‌లోనే ఉండాలి. నెలకు నాలుగు రేవులకు మించి తిరిగే ఓడలకు ఈ అదనపు మేట్‌ను షరతుగా పెట్టండి.

డెక్ మీదా ఇదే తంతు. రాత్రి బ్రిడ్జిలో ఆఫీసర్ ఒక్కడే లుకౌట్‌గా (చుట్టూ సముద్రాన్ని గమనించేవాడిగా) ఉండకూడదు, తోడుగా ఏబీ (అర్హత గల డెక్ నావికుడు) ఉండాలి. ముగ్గురు ఏబీలనూ పగలు హోల్డులు ఊడవడానికి, రంగులకు దింపితే రాత్రి బ్రిడ్జికి వచ్చేదెవరు? పదిమంది కన్నా తక్కువకు డాక్యుమెంట్ ఇస్తే పూర్తి అర్హత గల కుక్ ఉండాలన్న ఎంఎల్‌సీ (నావికుల పని పరిస్థితుల అంతర్జాతీయ ఒప్పందం) షరతు కూడా సడలుతుంది. అప్పుడు గరిటె ఏబీ చేతికి వస్తుంది, మరో వాచ్ తగ్గుతుంది. ఇంజన్ రూమ్‌ను మనిషి లేకుండా నడిపే ఓడల్లో అలారం వ్యవస్థ చెడిపోతే మళ్లీ వాచ్‌లు వేయాలి. అప్పుడు ఎంతమంది ఇంజనీర్లు కావాలో డాక్యుమెంట్‌లో విడిగా రాయాలి. క్యాడెట్లను ఏ లెక్కలోనూ కలపకూడదు, వాళ్లు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు.

ఇక తనిఖీ. విశ్రాంతి గంటల పట్టిక ఒక్కటే చూస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఉల్లంఘన పడితే సాఫ్ట్‌వేర్ గడిని ఎర్రగా చూపిస్తుంది. కంపెనీ నుంచి ప్రశ్నలు వస్తాయన్న భయంతో ఆ గడిని సరిచేసి పంపుతారు. సర్వేయర్లు గడచిన ఒక పోర్టు కాల్ (ఓడ రేవుకు వచ్చిన) తేదీ ఎంచుకుని బెల్ బుక్ (ఇంజన్ ఆదేశాల వేళల పుస్తకం), స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ (రేవులో ఏది ఎప్పుడు జరిగిందో రాసిన పత్రం), బంకర్ డెలివరీ నోట్ (ఇంధనం అందిన రసీదు), ఆయిల్ రికార్డ్ బుక్, డ్రిల్ రికార్డు తెప్పించి పట్టికతో గంట గంటకూ పోల్చాలి. రాత్రి 2 గంటలకు బంకర్ నోట్ మీద సంతకం పెట్టిన సెకండ్ ఇంజనీర్ పట్టికలో నిద్రపోతూ ఉంటే విషయం అక్కడే బయటపడుతుంది.

అలా దొరికినప్పుడు పట్టిక నింపినవాడి సర్టిఫికెట్ మీదికి వెళ్లొద్దు. రెండు పోర్టు కాల్స్‌లో అదే తేడా కనిపిస్తే ఆ ఓడ సేఫ్ మ్యానింగ్ డాక్యుమెంట్‌ను వెనక్కి తీసుకుని, ఒక మనిషిని పెంచి తిరిగి ఇవ్వాలని నిబంధనల్లో రాయండి. ఆ జీతం కంపెనీ భరించాలి.

భవదీయులు,
విశాఖపట్నం నుంచి కొందరు వాణిజ్య నౌకాధికారులు, సిబ్బంది