పోటు వేళ ముందే చెప్పండి: కోరంగి మడ అడవి గురించి మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ.

నేను హైదరాబాద్‌లో ప్రగతినగర్‌లో ఉంటాను. మీ రాష్ట్రంలో నాకు ఓటు లేదు. అయినా ఈ ఉత్తరం మీకే రాయాలి, ఎందుకంటే అడగబోయేది కాకినాడ దగ్గరున్న కోరంగి అభయారణ్యం గురించి. వచ్చే ఫిబ్రవరిలో మా ఇంటిల్లిపాదీ మళ్లీ అక్కడికి రావాలనుకుంటున్నాం. మాకు ముందే తెలియాల్సింది ఒక్కటే: ఏ రోజు ఏ వేళకి సముద్రం పోటెక్కి కాలువలో నీళ్లుంటాయి, ఏ వేళకి పాటు వచ్చి, అంటే నీరు వెనక్కి తీసి, ఉండవు.

మొదటిసారి ఏం జరిగిందో చెబితే ఇదెందుకు అడుగుతున్నానో మీకు అర్థమవుతుంది.

రెండేళ్ల కిందట సంక్రాంతి సెలవుల్లో ఆరుగురం బయల్దేరాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా అమ్మా నాన్నా. నాన్నది సిద్దిపేట వైపు పల్లె. చెరువులు తెలుసు, బావులు తెలుసు, బోర్లు తెలుసు. అరవై ఏడేళ్లొచ్చినా సముద్రం మాత్రం చూడలేదు. మా అమ్మాయికి స్కూల్లో మడ అడవుల పాఠం అయింది. వేర్లు నేలలోంచి పైకి ఎందుకొస్తాయో చూడాలని అప్పట్నుంచి ఒకటే గొడవ. ఒక ట్రావెల్స్ వాళ్లతో మాట్లాడుకున్నాం. రైలు టికెట్లు మావి; కాకినాడలో బండి, గది, బోటు వాళ్లవి. "ఉదయం 11 గంటలకు బోటింగ్" అని కాగితం మీద రాసి కూడా ఇచ్చారు.

రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పొద్దున్నే కాకినాడ టౌన్‌లో దిగి, గదిలో స్నానాలు చేసి, యానాం రోడ్డు పట్టుకుని పదిన్నరకల్లా కోరంగి చేరుకున్నాం. చూస్తే బోట్లు నీళ్లలో లేవు, బురదలో ఓ పక్కకి ఒరిగి కూర్చున్నాయి. కాలువ మధ్యలో సన్నటి పాయ ఒక్కటే మిగిలింది.

"నీళ్లు లేవండీ. పాటులో ఉంది. మళ్లీ పోటెక్కాలంటే సాయంత్రం అవుద్దండి" అన్నాడు పడవ నడిపే పెద్దాయన.

మేము మూడింటికి అక్కణ్నుంచి కదలాలి. రాత్రికే తిరుగు రైలు. ట్రావెల్స్ వాళ్లకి ఫోన్ చేస్తే, "నీళ్లు మా చేతిలో ఉంటాయా మేడమ్" అన్నారు. మా అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. ఖర్చంతా పెట్టి, ఇంతమందిని వెంటబెట్టుకుని వచ్చి, బురద చూసి పోవాలా అని నాకు ఒళ్లు మండిపోయింది.

మా నాన్నకి మాత్రం అవేవీ పట్టలేదు. మోకాళ్ల నొప్పులతో ఎక్కువ దూరం నడవలేరు. అడవిలోకి వేసిన చెక్క వంతెన మీద కొంచెం దూరం వెళ్లి, అక్కడే కూర్చుని కిందికి చూడటం మొదలుపెట్టారు. కాసేపయ్యాక నేను కోపంతోనే వెళ్లి పక్కన కూర్చున్నాను. బురద నిండా పెన్సిళ్లు గుచ్చినట్టు వేలెడంత వేర్లు నిటారుగా పైకి లేచి ఉన్నాయి. వాటి మధ్య బొటనవేలంత పీతలు. ఒక గిట్ట ఒంటికంటే పెద్దది, రెండోది ఉందా లేదా అన్నంత చిన్నది. ఆ పెద్ద గిట్టని పైకెత్తి దించి, పైకెత్తి దించి, ఎవర్నో పిలుస్తున్నట్టు ఊపుతున్నాయి. చెక్క మీద అడుగు చప్పుడైతే చాలు, అన్నీ ఒక్కసారే కన్నాల్లోకి. నిమిషం కదలకుండా కూర్చుంటే ఒక్కొక్కటే మళ్లీ బయటికి. ఇంతలో తల మీద కళ్లున్న చిన్న చేప ఒకటి ముందు రెక్కల మీద దేకుతూ వచ్చి, ఎగిరి ఒక వేరు మీద ఎక్కి కూర్చుంది. "ఇది చేపనా, కప్పనా బిడ్డా?" అని నాన్న మా అమ్మాయిని అడిగారు. అది ఏడుపు మానేసి బోర్లా పడుకుని చూడసాగింది.

పెద్దాయన కూడా వచ్చి కూర్చున్నాడు. పక్కనున్న మడ చెట్టు మొదలుకి నా నడుం ఎత్తున అంటుకుని ఎండిన బురద చార చూపించి, "ఇక్కడి దాకా వత్తాయండి నీళ్లు. అప్పుడు వచ్చుంటే ఇయ్యేమీ కనపడవు మీకు. పిట్టలు కూడా పాటుకే దిగుతాయండి మేతకి" అన్నాడు.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది మంత్రి గారూ. నేను పాడైందనుకున్న పూట అడవిని దగ్గరగా చూడటానికి మంచి పూట అట. మాకు ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు, అంతే. పోటులో ఏం చూడాలో, పాటులో ఏం చూడాలో తెలిసి వచ్చి ఉంటే, పొద్దున వంతెన మీద గడిపి, తిరుగు రైలు మర్నాటికి పెట్టుకుని, సాయంత్రం పడవెక్కేవాళ్లం.

ఇంటికొచ్చాక దీని గురించి చదవడం మొదలుపెట్టాను. తూర్పు తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళ్టి వేళకీ రేపటి వేళకీ దాదాపు 50 నిమిషాల తేడా. అందుకే "ఉదయం 11కి బోటింగ్" అని అన్ని రోజులకీ కలిపి రాసిన కాగితం దేనికీ పనికిరాదు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు బలంగా ఉంటుంది, అష్టమి దగ్గర బలం తగ్గుతుంది. మా అమ్మ ఇప్పుడు గోడ మీది క్యాలెండర్‌లో తిథి చూసి, "ఈ రోజు కోరంగిలో నీళ్లు బాగుంటాయి" అంటుంటుంది. ఆ పెద్దాయన కూడా మమ్మల్ని సాగనంపుతూ, "చొల్లంగి అమావాస్యకి రండి, నీళ్లంటే ఏంటో చూత్తారు" అన్నాడు. పుష్య బహుళ అమావాస్య నాడు చొల్లంగిలో స్నానం చేసి సప్తసాగర యాత్ర, అంటే గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసే యాత్ర, మొదలుపెడతారట. అడవికి దగ్గర్లో, అదే రోడ్డు మీద ఉన్న ఊరు. పోటు లెక్క అక్కడి జనానికి పండగల్లో కలిసిపోయి ఉంది. తెలియనిది బయటి నుంచి వచ్చే మాకే.

వాన ఎప్పుడొస్తుందో ఖాయంగా చెప్పడం కష్టం. పోటు అలా కాదు. చంద్రుడూ సూర్యుడూ ఎప్పుడెక్కడ ఉంటారో ఏళ్ల ముందే తెలుసు కాబట్టి, సర్వే ఆఫ్ ఇండియా ఏటా పోటుపాటుల పట్టికలు ముందుగానే వేస్తుంది. ఇంకో మాట. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మా ప్రగతినగర్‌లోనే ఇన్‌కాయిస్ ఉంది, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం. 1999లో పెట్టారు. 2004 సునామీ తర్వాత, 2007 నుంచి దేశానికి సునామీ హెచ్చరికలు ఇక్కణ్నుంచే వెళ్తాయి. వేటకి వెళ్లే మత్స్యకారులకి చేపలు ఏ వైపు దొరికే వీలుందో వాళ్ల వాళ్ల భాషల్లో చెప్పేది కూడా ఈ కేంద్రమే. తొమ్మిదేళ్లుగా రోజూ దాని గేటు ముందు నుంచే ఆఫీసుకి వెళ్తున్నాను. కోరంగి నుంచి వచ్చాకే ఆ బోర్డు ఆగి చదివాను.

ఇక నా విన్నపం. కోరంగికి రాబోయే మూడు నెలల పోటుపాటుల పట్టిక తెలుగులో వేయించండి. తేదీ, వారం, తిథి, పోటు వేళ, పాటు వేళ, పడవలు తిరిగే గంటలు, వంతెన మీద నడవడానికి మంచి గంటలు. ఇంతే, ఒక్క పేజీ. ఇంటర్నెట్‌లో, అభయారణ్యం గేటు దగ్గర, కాకినాడ టౌన్ స్టేషన్లో, బస్టాండ్‌లో అది కనపడాలి. మూడు నెలలని ఎందుకంటున్నానంటే, రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. పండగ రోజులకైతే తెరుచుకున్న కాసేపటికే వెయిటింగ్ లిస్ట్. ముందు టికెట్ కొనేసి తర్వాత పోటు వేళ తెలుసుకుంటే ఏం లాభం?

పట్టికలో అంకె ఉన్నంత మాత్రాన సరిపోదని కూడా తెలుసు. మొగ దగ్గర, అంటే నీరు సముద్రంలో కలిసే చోట, పోటొచ్చే వేళకీ, లోపల కాలువలోకి నీరెక్కే వేళకీ తేడా ఉంటుంది. గాలి తిరిగినా మారుతుంది, గోదావరికి వరదొచ్చినా మారుతుంది. ఎంత తేడా అన్నది అక్కడ పడవ నడిపేవాళ్లకి తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు. అందుకని ఆ పట్టిక వాళ్లని కూర్చోబెట్టి దిద్దించండి. ముందు రోజు సాయంత్రం వాళ్లు చెప్పిన మాటని ఒక ఫోన్ నంబరులో రికార్డు చేసి పెట్టినా చాలు. ఎవరైనా ఫోన్ చేసి వింటారు. ఈ పనికి వాళ్లకి కూలి కట్టివ్వండి. అది వాళ్ల విద్య.

చెట్ల పేర్ల గురించి కూడా ఒక మాట. అక్కడి నల్లమడ, తెల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల ఎంత మంచి పేర్లు! ఉప్పుపొన్న గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడుగ్గా పెరిగి, అప్పుడు బురదలోకి జారుతుందని తెలిస్తే ఏ పిల్లలైనా ఆగి తలెత్తి చూడకుండా ఉంటారా? తిల్ల చెట్టు కొమ్మ విరిస్తే పాలు కారతాయి, అవి కంట్లో పడితే ప్రమాదం. ఇలాంటివి పెద్ద అక్షరాల్లో తెలుగులో రాసి ఆ చెట్టు పక్కనే పెడితే, నిషేధాల బోర్డు కంటే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

జనం పెరిగితే అడవికి కష్టం కదా అని మీ అధికారులు అనవచ్చు. ఆ భయం నాకూ ఉంది, అది న్యాయమైన భయమే. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ 235 చదరపు కిలోమీటర్లు మా విహారం కోసం కాదు. బావురుపిల్లులు, నీటికుక్కలు, చలికాలానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చే పక్షులు, కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ ఇసుకలో గుడ్లు పెట్టే తాబేళ్లు, వాటి ఇల్లది. జనవరి నుంచి ఆ తాబేళ్లు ఒడ్డుకొస్తుంటాయి. ఆ రోజుల్లో అటువైపు రాత్రి లైట్లు, మంటలు, పాటలు వద్దేవద్దు. అసలు పట్టిక ఉంటేనే జనాన్ని అదుపు చేయడం తేలిక. పోటు వేళకి ఇన్ని పడవలు, ఇంతమంది అని ముందే లెక్క కట్టి టికెట్లు ఇవ్వవచ్చు. మిగతావాళ్లకి ఇంకో రోజు చూపించవచ్చు. కార్తీక మాసంలో అందరూ ఒకే ఆదివారం ఎగబడే బదులు, మాలాంటి వాళ్లం మామూలు వారంలో సెలవు పెట్టుకుని వస్తాం. వేళ తెలియక వచ్చినవాళ్లే గేటు దగ్గర గొడవపడేది, విసుగుతో పాటలు పెట్టుకునేది, చిప్స్ కవర్లు బురదలో పడేసేది. ఆ రోజు మా కుటుంబం కూడా ఇంచుమించు అలాగే ఉంది, మా నాన్న తప్ప.

మా అమ్మాయికి ఈసారి కోరంగి కథ కూడా చెప్పాలి. అది ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1789లో, 1839లో వచ్చిన తుపాన్ల ఉప్పెనలకి దెబ్బతింది. బర్మాకి బతకబోయిన తెలుగువాళ్లని అక్కడ ఆ రేవు పేరుతోనే కోరంగీలు అని పిలిచేవాళ్లు. అలాంటి సముద్రానికి అడ్డంగా నిలబడేది ఈ మడే. పాఠంలో ఉన్నట్టు "తీరాన్ని కాపాడును" అని ఒక్క ముక్కలో కాకుండా, ఆ వేర్ల మధ్య కూర్చోబెట్టి చెప్పాలని నా ఆశ.

మా ప్రయాణం ఫిబ్రవరి రెండో శనివారం అనుకుంటున్నాం. శుక్రవారం రాత్రి రైలు, ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణం. డిసెంబరు రెండో వారంలో రిజర్వేషన్ తెరుచుకుంటుంది. ఆ లోపు, మూడు నెలలది కుదరకపోతే ఫిబ్రవరి ఒక్క నెలదైనా వేయించండి. తేదీ కుదరకపోతే మేమే మార్చుకుంటాం. పట్టికని తెలుగులో టైపు చేసి సరిచూసే మనిషి కావాలంటే నేను చేసిపెడతాను. నా ఉద్యోగం అకౌంట్స్‌లో, అంకెల పని నాకు అలవాటే. ఒక్క పైసా ఇవ్వనక్కర్లేదు.

నాన్నకి అరవై తొమ్మిది నిండాయి. మోకాళ్లు అప్పటికంటే మొండికేశాయి. ఈసారి పడవ కూడా ఎక్కుతానంటున్నారు. కానీ ముందు పాటు వేళకే తీసుకెళ్లమన్నారు, ఆ పీతల దగ్గరికి.

ఇట్లు,
ఒక ప్రగతినగర్ నివాసి,
హైదరాబాద్