బోనులోకి దిగేముందు ఒక్క మాట అడగండి

సంపాదకులకు నమస్కారం. మొన్న మావారితో దక్షిణాఫ్రికా వెళ్లి, కేప్‌టౌన్ నుంచి రెండు గంటల దూరంలో ఉన్న గాన్స్‌బాయిలో సొరచేపలు చూడడానికి బోనులో సముద్రంలోకి దిగాను. తెల్లసొర కనబడడం గ్యారంటీ అని ఇక్కడి ఏజెంటు చెబితే నమ్మి డబ్బు కట్టేశాం, తీరా వెళ్లాక తెలిసిందేమిటంటే 2017లో ఓర్కాలు (కిల్లర్ వేల్స్ అనే వేటాడే తిమింగలాలు) వాటిని చంపి కాలేయాలు తినేయడం మొదలుపెట్టాక తెల్లసొరలు అక్కడ బాగా తగ్గిపోయాయట!

మాకు కనబడినవి కంచు రంగు సొరలు. అవీ తక్కువేం కాదు. బోను పడవ పక్కనే కట్టి ఉంటుంది, సిలిండర్ ఉండదు, పడవవాళ్లు కేక వేయగానే ఊపిరి బిగబట్టి మునగాలి. తాడుకు కట్టిన చేపతల కోసం వచ్చిన ఒకటి తోకతో బోనుని ఛెళ్లున కొట్టేసరికి నా గుండె జారిపోయింది. నిజానికి సొర కంటే వాంతులే ఎక్కువ ఏడిపించాయి (విశాఖలో పుట్టి ఇదేం ఖర్మ, అన్నారు మావారు).

వెళ్లొద్దని అనను. కానీ ఈ నెలలో ఏ సొర కనబడుతోంది, కనబడకపోతే డబ్బు సంగతేంటి అన్నది ఏజెంట్లు ప్రకటనలోనే రాయాలి. మీరూ అలాంటి ప్రకటనలు వేసేముందు ఈ రెండు ముక్కలు అడగండి.

– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం