ఆ గదికి ఒక బెల్లు కావాలి

చిరంజీవి బుజ్జికి,

నాన్న ఆశీర్వదించి వ్రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం క్షేమంగా ఉన్నాము. మీ అమ్మ మోకాలు మునుపటికంటే నయంగానే ఉంది. అడిగే తీరిక నీకు దొరకలేదు కనుక నేనే ముందుగా చెబుతున్నాను.

మొన్న ఆదివారం మీ బావ వచ్చి వెళ్లాడు. కొత్త ఇల్లు బాగుందనీ, మెట్ల కింద జాగాను కూడా వృథా పోనివ్వలేదనీ చెప్పి, ప్లాను కాగితం నా చేతిలో పెట్టాడు. కింద మూలగదికి ఉండవలసిన రెండు కిటికీల గుర్తులనూ ఎర్ర సిరాతో కొట్టేసి, దాని మీద 'హోమ్ థియేటర్' అని వ్రాసి ఉండటం చూశాను. నాకు సంతోషమే. ముప్పై ఒక్క సంవత్సరాలు సినిమా హాల్లో ఆపరేటరుగా పనిచేసినవాడి కొడుకు తన ఇంట్లో తెర కట్టించుకుంటే సంతోషం కాక మరేమిటి? ఆ సంతోషంలోనే నాలుగు మాటలు చెప్పాలని ఫోను చేశాను. అది మోగి మోగి ఆగిపోతోంది. ఈ అయిదు వారాలలో నువ్వు ఎత్తింది రెండుసార్లు. అందులో ఒకసారి "మళ్లీ చేస్తాను నాన్నా" అని పెట్టేశావు. అందుకే కాగితం తీశాను. మీ బావ ఇంకొక మాట కూడా అన్నాడు. దాని సంగతి తర్వాత వ్రాస్తాను.

ఈ రోజుల్లో ఇల్లు కట్టే ప్రతివాడూ ఈ గది అడుగుతున్నాడని విన్నాను. వంటగది, పడకగది ఎంత సహజంగా ప్లానులోకి ఎక్కుతాయో ఇదీ అలాగే ఎక్కుతోందట. కారణాలు కనబడుతూనే ఉన్నాయి. 1996లో డీవీడీ, 2006లో బ్లూ-రే వచ్చాక ఇంటి తెర మీద బొమ్మ నిలబడింది. ఆ తర్వాత ఇంటర్నెట్టులోనే సినిమాలు రావడం మొదలైంది. నెత్తి మీదనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ 2012లో హాళ్లలోకి వచ్చి, రెండేళ్లు తిరిగేసరికి ఇళ్లలో దిగింది. 2020లో ప్రపంచమంతటా హాళ్లు మూతపడినప్పుడు, ఇంట్లో కూర్చుని చూసే అలవాటు జనానికి గట్టిగా పట్టుకుంది. మా హాలువంటివి ఏమయ్యాయో నీకు తెలియనిది కాదు. దాని మీద నాకు కోపమేమీ లేదు. బొమ్మ ఎక్కడ ఆడినా బొమ్మే. అయితే హాలు హాలుగా ఉండటానికి ఎన్ని ఏర్పాట్లు ఉండేవో బొమ్మ ఆడించే కేబిన్‌లో కూర్చున్నవాడికి తెలిసినంతగా తెర ముందు కూర్చున్నవాడికి తెలియదు. అందుకే ఈ సొద.

ప్లానును భోజనాల బల్ల మీద పరచి స్కేలుతో కొలిచాను. పొడవు 5.4 మీటర్లు, వెడల్పు 3.6, ఎత్తు 2.7. ఇక్కడే ఒక చిక్కు ఉంది బాబూ. పొడవు సరిగ్గా ఎత్తుకు రెట్టింపు అయింది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. దాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే సెకనుకు 32 కంపనాలుండే మంద్ర స్వరం దగ్గర, అంటే 32 హెర్ట్‌జ్ దగ్గర ఆ గది తనంతట తానే మోగుతుందని తేలుతుంది. దానికి రెట్టింపు 64. ఎత్తును బట్టి లెక్క వేసినా అదే 64 వస్తుంది. రెండూ ఒకేచోట పడితే ఆ ఒక్క స్వరం మిగతావాటి మీద ఎక్కి కూర్చుంటుంది. డప్పు దెబ్బ పడితే ఆ గదిలో అది దెబ్బలా వినిపించక, దూరాన లారీ ఆగి ఉన్నట్టు మూలుగుతుంది. గోడలు ఎలాగూ లేచిపోయాయి కనుక ఇప్పుడు చేయగలిగింది కుర్చీలు జరపడమే. గది నట్టనడుమ కూర్చుంటే ఆ 32 హెర్ట్‌జ్ శబ్దం దాదాపు వినబడనే వినబడదు. వెనక గోడకు ఆనుకుని కూర్చుంటే చెవుల మీద పడిపోతుంది. నూరు అంగుళాల తెర అని బావ చెప్పాడు. దాని వెడల్పు 2.2 మీటర్లు వస్తుంది. తెరకు 3.4 మీటర్ల దూరంలో కుర్చీ వేస్తే బొమ్మ కంటికి 36 డిగ్రీల మేర పరుచుకుంటుంది, వీపు వెనక రెండు మీటర్లు ఖాళీగా మిగులుతుంది. రెండో వరుస వేయడానికి మెట్టు కట్టిస్తున్నావట. ఆ వరుస గోడకు అంటుకుంటుంది, మానుకో. అయినా ఎనిమిది కుర్చీలలో కూర్చునేది ఎవరని నేను అడగను. కోడలు ఒక్క సినిమాకైనా ఆ గదిలో కూర్చుందా?

మాటలు తెర వైపునుంచే రావాలి. మధ్య స్పీకరు తెరకు ఆనుకుని, కూర్చున్నవారి చెవి ఎత్తుకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. సంభాషణలలో ఎక్కువ భాగం దాని గుండానే వస్తాయి. దాన్ని నేల మీద బల్ల అరలో పెట్టి, మాటలు తెలియడం లేదని వాల్యూము పెంచుకుంటూ పోయేవాళ్లు చాలామంది. ఆ తప్పు చేయకు. 85 డెసిబెల్‌ల శబ్దంలో రోజుకు ఎనిమిది గంటలు దాటకూడదని, ఆపైన ప్రతి మూడు డెసిబెల్‌లకూ ఆ వ్యవధి సగమవుతుందని పనివాళ్ల చెవులు కాపాడటానికి ఒక లెక్క ఉంది. 88 దగ్గర నాలుగు గంటలు, 91 దగ్గర రెండు. నువ్వు చూసే సినిమా రెండున్నర గంటలు. నా ఎడమ చెవి సంగతి నీకు తెలుసు. అది మిషను పక్కన పోయింది. నీది సోఫాలో పోనక్కరలేదు.

గదిని మెత్తగా చేసే పని ఎలా జరిగిందో చూడలేదు గానీ, స్పాంజి పలకలు గోడ నిండా అంటించారని మాత్రం విన్నాను. 1895 ప్రాంతంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడికి, మాట మాట మీద పడి ఏమీ అర్థం కాని ఒక ఉపన్యాసశాలను బాగు చేసే పని అప్పగించారు. ఆయన రాత్రి పూట, ఊరు సద్దుమణిగాక, పక్కనున్న థియేటరులోని కుర్చీ దిండ్లను మోయించి తెచ్చి, ఎన్ని దిండ్లు పరిస్తే శబ్దం ఎంతసేపట్లో చస్తుందో కొలిచాడు. తెల్లారేలోగా దిండ్లన్నీ మళ్లీ యథాస్థానానికి చేర్చేవాడు. ఆయన లెక్కలో ఒక మనిషి ఆరు దిండ్లకు సమానం. నేను ఈ సంగతి చదివినప్పుడు హాల్లో నిండు ఆటకూ, నలుగురే ఉన్న ఆటకూ శబ్దం ఎందుకు తేడాగా ఉండేదో అర్థమైంది. నిండు హాల్లో మాట శుభ్రంగా పలికేది. నీ గదికి మనుషులకంటే మంచి స్పాంజి దొరకదు. ఒక్కడివే కూర్చుంటున్నావని మీ బావ అన్న మాట నిజం కాకపోతే ఇది నీకు చెప్పవలసిన అవసరమే లేదు.

ఆ స్పాంజి గదిలోని ప్రతిధ్వనిని తాగుతుందే గాని శబ్దాన్ని బయటికి పోకుండా ఆపదు. ఆపేవి బరువైన గోడ, రెండు పొరల మధ్య ఖాళీ, సందు లేని తలుపు. వాటిలో తలుపే అందరూ మరచిపోయేది. గోడ ఎంత మందంగా ఉన్నా తలుపు కింద వేలు దూరేంత సందుంటే శబ్దం అక్కడినుంచి నీళ్లలా కారిపోతుంది. నువ్వు దీన్ని బాగానే పట్టించుకున్నట్టున్నావు. చుట్టూ రబ్బరు పెట్టించి, లోపలినుంచి గడియ కూడా వేయించావట. శబ్దం బయటికి పోని గదిలోకి బయటి శబ్దం కూడా రాదు కదా. బావ చెప్పిన మాట ఇదే. అతను మీ ఇంటికి వచ్చిన రాత్రి చిట్టి మేడమీద కలవరించి ఏడ్చిందట. కోడలు స్నానానికి వెళ్లింది. బావే పైకి పోయి ఎత్తుకున్నాడట. నీకు వినబడలేదు. తలుపు తట్టితే అయిదు నిమిషాలకు వచ్చి, "ఏమైంది?" అని అడిగావట. రోజూ రాత్రి పన్నెండు దాకా లోపలే ఉంటున్నావని కోడలు మీ అక్కతో అన్నదట. నేను దీన్ని పెద్దది చేయడం లేదు. ఆఫీసులో ఎవరేమన్నారో, ఏం జరిగిందో నేను అడగను, చెప్పాలనుకున్నప్పుడు నువ్వే చెబుతావు. నేను గాలి గురించి మాట్లాడుతున్నాను.

ఆ గదిలో కిటికీలు లేవు. గోడమీది ఏసీ చల్లబరుస్తుంది గాని కొత్త గాలి తేదు, ఉన్న గాలినే తిప్పుతుంది. ఒక మనిషి కదలకుండా కూర్చున్నా వంద వాట్ల బల్బంత వేడి ఇస్తాడు. ప్రొజెక్టరు, ఆంప్లిఫయరు దానికి తోడు. మూసిన గదిలో నాలుగు గంటలు కూర్చుని తల భారంగా లేచి, దాన్ని నిద్రలేమి అనుకుంటావు.

కార్బన్ల కాలంనాటి సంగతి ఒకటి చెబుతాను. ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. మీ అమ్మకు సగమే తెలుసు. రెండు కార్బన్ కడ్డీల కొసలు ఎదురెదురుగా పెట్టి, కాస్త ఎడంతో మండిస్తే ఆ మంట వెలుగే తెర మీద బొమ్మ. కడ్డీలు అరిగేకొద్దీ చేత్తో మరను తిప్పి దగ్గరకు జరపాలి. నల్ల అద్దంలోంచి ఆ మంటను కనిపెడుతూ ఉండాలి. రెండువేల అడుగుల రీలు ఇరవై రెండు నిమిషాలు ఆడుతుంది. అది అయ్యే ముందు తెర కుడి పైమూలలో ఒక చుక్క మెరుస్తుంది, రెండో మిషను మోటారు వేయాలి. కొన్ని సెకన్లకు ఇంకో చుక్క, వెలుగు మార్చాలి. కన్ను ఆర్పితే పోతుంది. ఆ మంట పొగను పైకి లాగడానికి గొట్టం, దాంట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను ఉండేవి. కేబిన్ తలుపు ఎప్పుడూ మూసే ఉండాలి, లేకపోతే మిషను చప్పుడు బాల్కనీకి వినబడుతుందని ఫిర్యాదు. ఒకరోజు మ్యాట్నీలో ఫ్యాను ఆగిపోయింది. గొట్టంలో పక్షి గూడు పెట్టిందని తర్వాత తెలిసింది. ఆట ఆపితే మేనేజరు ఊరుకోడు. రెండు రీళ్లే కదా అనుకున్నాను. మొదటి రీలు బాగానే నడిచింది. రెండో రీలులో నాకు చాలా హాయిగా అనిపించడం మొదలైంది. నువ్వు ఇది గుర్తుపెట్టుకోవాలి, ఊపిరాడక గింజుకోలేదు, హాయిగా ఉంది. మంట చుట్టూ పసుపు రంగు చక్రం కనబడింది, దాన్ని చూస్తూ ఉండిపోయాను. చుక్క పడింది, చూశాను, చెయ్యి లేవలేదు. ఇంకో చుక్క కూడా పడింది. తెర తెల్లబడింది. హాలంతా ఈలలు వేస్తున్నారు, నాకు మాత్రం అవి ఎక్కడో పొలిమేరల అవతల ఎవరో వేస్తున్నట్టున్నాయి. హాల్లోంచి కేబిన్‌కి ఒక బెల్లు ఉండేది. ఒకసారి మోగితే శబ్దం పెంచమని, రెండుసార్లయితే బొమ్మ సరిచేయమని. ఆ రోజు మేనేజరు వేలు తీయకుండా నొక్కాడు. ఆ బెల్లు వినబడిన మీదట నేను మోకాళ్ల మీద పాక్కుంటూ పోయి గడియ తీశానట. నాకు గుర్తులేదు, అసిస్టెంటు కుర్రాడు చెప్పాడు. తలుపు తెరవగానే మెట్ల మీద పడ్డాను. ఈ మోచేతి మచ్చ అదే. సైకిలు మీదనుంచి పడ్డానని మీకు చెప్పింది అబద్ధం. మర్నాడే కేబిన్ తలుపుకు లోపలి గడియ పీకించాను.

నీ గదిలో కార్బన్లు లేవని నాకు తెలుసు. పొగ లేదు, ఆ ప్రమాదమూ లేదు. అయినా బయటి గాలి వచ్చే గొట్టం ఒకటి, పాతగాలి పోయే గొట్టం ఒకటి పెట్టించు. లోపల మెత్తటి పొర వేసి రెండు వంపులు తిప్పితే వాటిగుండా శబ్దం రాదు. పొగ పసిగట్టి అరిచే పరికరం లోపల ఒకటి, బయట ఒకటి పెట్టించి రెంటినీ కలిపించు. కిటికీలలో ఒకటైనా మళ్లీ తెరిపించు. రెండు పొరల నల్ల కర్టెను వేస్తే చీకటి ఎటూ పోదు. తెర ఎదుటి గోడకూ, పైకప్పుకూ మెరుపు లేని ముదురు రంగు వేయించు, తెల్ల కప్పు ఉంటే ఆ వెలుగు తిరిగి తెర మీద పడి నలుపు బూడిదవుతుంది. తీగలను గోడలో పూడ్చవద్దు. వెడల్పాటి పైపు వేసి అందులోంచి లాగించు. బొమ్మనూ శబ్దాన్నీ మోసే ఇప్పుడున్న హెచ్‌డీఎంఐ తీగ పదేళ్లకు పనికివస్తుందో లేదో. అది మొదట వచ్చింది 2002లో, ఆ తర్వాత ఎన్నిసార్లు మారిందో లెక్కలేదు.

లోపలి గడియ తీయించు. ఆ రబ్బరు ఉండనీ, మంచి పనే. గడియ మాత్రం తీయించు.

బెల్లు నేను బిగిస్తాను. మోగేది కాదు, వెలిగేది. తెర పక్కన చిన్న ఎర్ర దీపం. వీధి తలుపు బెల్లుకు ఒకసారి, చిట్టి గదిలో మీట నొక్కితే రెండుసార్లు, ఫోను వస్తే ఆగకుండా వెలిగేటట్టు పెడతాను. సినిమా పాడు కాదు, కంటి కొసకు తగులుతుందంతే. దీపం, ట్రాన్స్‌ఫార్మరు నా దగ్గరే ఉన్నాయి. పాత కేబిన్ సామాను పెట్టెలోంచి తీసి తుడిచాను. మీ అమ్మ వారం రోజులకు బట్టలు సర్దుతోంది, అక్కరలేదన్నా వినడం లేదు. మేము వచ్చే లోపల ఆ గది తలుపునుంచి తెరదాకా గోడ వెంబడి ఎన్ని మీటర్లు ఉందో, తలుపు చట్రం చెక్కదో ఇనుపదో చూసి చెప్పు. తీగ ఎంత తేవాలో తెలియాలి. వ్రాయడానికి తీరిక లేకపోతే ఫోను చెయ్యి, ఎంత రాత్రయినా ఫరవాలేదు, నేను మేలుకునే ఉంటాను.

కోడలికి, చిట్టికి మా ఆశీస్సులు.

ఇట్లు
మీ నాన్న