రోలర్లు కొనబోయే ముందు ఒక్కసారి చదవండి

అందరికీ నమస్కారమండి. రాతి క్రషర్లో రాయి మోసే బెల్టు కింద తిరిగే రోలర్లు ఏవి వెయ్యాలని నిన్న ఇద్దరు అడిగారు కదా, ఇక్కడే రాస్తున్నా.

ఆటోనగర్ వెళ్లి "89 ఎంఎం రోలర్లు ఇవ్వండి" అని ఊరుకోకండి. బెల్టు సెకనుకు 2 మీటర్లు నడిస్తే 89 ఎంఎం వ్యాసమున్న రోలరు నిమిషానికి దాదాపు 430 చుట్లు తిరుగుతుంది. 139.7 రోలరైతే 275 లోపే. ఎంత తక్కువ తిరిగితే బేరింగుకి అంత ఆయుష్షు. బేరింగు నంబర్లు 6205, 6305 రెండూ 25 ఎంఎం షాఫ్టుకే పడతాయి గానీ, బరువు బాగా మోసేది 6305. పెద్ద రాయి పోసేవాళ్లు అదే అడగండి.

అన్నిటికన్నా, బేరింగులోకి దుమ్ము, నీళ్లు పోకుండా ఆపే సీలు ముఖ్యం. మన రాతిపొడి, వానాకాలం కలిస్తే ముందు పోయేది అదే. పోయిన ఏడాది మా దగ్గర సీలు పోయి ఒక రోలరు జామైంది. బెల్టు రాసుకుని రాసుకుని రోలరు గొట్టం అరిగి, అంచు కత్తిలా తేలింది. కొత్త బెల్టు నిలువునా చీరిపోయింది. అందుకే మెలికల దారితో దుమ్మును ఆపే లాబిరింత్ సీలున్నదే తీసుకోండి, కొట్టులోనే చేత్తో తిప్పి చూడండి. గరగరమంటే వద్దు.

రాయి బెల్టు మీదకి జారిపడే షూటు కింద మాత్రం రబ్బరు రింగుల ఇంపాక్ట్ రోలర్లే, దగ్గర దగ్గరగా. వెళ్లేటప్పుడు పాత రోలరొకటి వెంట తీసుకెళ్లండి, షాఫ్టు గాడి కొలత అక్కడే సరిచూసుకోవచ్చు.