సర్టిఫికెట్ ఇచ్చారు, వయసు అడ్డుపెట్టారు

సంపాదకుల వారికి,

యాభై దాటినవాళ్లకు కొత్త పని తలకెక్కదని తేలిగ్గా అనేస్తుంటారు. ఏళ్ల తరబడి లేత్ మీద ఇనుము తిప్పి చెక్కే టర్నర్‌గా పనిచేసి, ఈమధ్యే కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్ నేర్చుకున్నవాణ్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

శిక్షణ మొదట్లో మాకు తలనొప్పిగానే ఉండేది. జీ-01 అంటే ఇది, ఎం-03 అంటే అది అని మిషన్‌కిచ్చే ఆదేశాల కోడ్‌లను ఎక్కాల్లా వల్లె వేయించారు. తర్వాత వచ్చిన ఇన్‌స్ట్రక్టర్ మమ్మల్ని నేరుగా మిషన్ దగ్గరికి తీసుకెళ్లి, ‘కోసే టూల్ అరిగితే మీరేం చేసేవారు?’ అనడిగాడు. జాబ్ (అంటే చెక్కే ముక్క) సైజు పెరుగుతుంది కదా, మైక్రోమీటర్ పెట్టి చూసి టూల్‌ని జరిపే క్రాస్ స్లైడ్ ఆ మేరకు లోపలికి తిప్పేవాళ్లం అన్నాం. ‘ఇక్కడ తిప్పే బదులు ఆఫ్‌సెట్‌లో, అంటే టూల్ స్థానాన్ని సవరించే చోట, అంకె కొట్టండి. 0.02 మిల్లీమీటర్లు పెరిగితే మైనస్ 0.02’ అన్నాడు. ఆ పూటతో క్లాసు దారిన పడింది. టూల్ టిప్ దెబ్బతింటే కోత శబ్దం మారుతుంది. స్క్రీన్ మీద ఏమీ కనబడకముందే మా చెవికి తెలిసిపోయేది. కుర్రాళ్లు వచ్చి అడిగేవాళ్లు కూడా. కీబోర్డు మీద వాళ్ల వేగం మాత్రం మాకు రాదు లెండి.

తీరా ఉద్యోగానికి వెళ్తే ప్రకటనలోనే ‘35 ఏళ్లలోపు’ అని ఉంటుంది. ఆ గీత గీయని ఓ కంపెనీ టెస్ట్ జాబ్ చేయించుకుంది, కొలతలన్నీ సరిపోయాయంది, పుట్టిన సంవత్సరం చూసి కాగితాలు తిరిగిచ్చేసింది. ముందే చెబితే ఆ ఇనుప ముక్కయినా మిగిలేది!

సింగపూర్ 2024లో 40 నిండిన తన పౌరులకు శిక్షణ కోసం 4,000 సింగపూర్ డాలర్ల క్రెడిట్ ఇచ్చింది. మంచిదే. కానీ నేర్చుకున్నాక తలుపు తెరవకపోతే ఆ ఖర్చంతా ఎందుకు? అమెరికాలో 40 దాటినవారికి ఉద్యోగాల్లో రక్షణగా 1967లోనే చట్టం చేశారు. ప్రకటనలో వయసు పరిమితి పెట్టడం కూడా సాధారణంగా దాని కింద తప్పే. దాంతో వివక్ష మాయమైపోతుందని నేననను. కనీసం దాన్ని అచ్చేయడానికి జంకుతారు.

ఇలాంటి ప్రకటనలు పత్రికల క్లాసిఫైడ్స్‌లోనూ వస్తుంటాయి. వయసు పరిమితి ఎందుకో కారణం రాయమని ప్రకటన ఇచ్చేవారిని మీరే అడగండి. కారణం చెప్పలేకపోతే ఆ ఒక్క వాక్యం తీసేసి అచ్చేయండి.

— ఒక టర్నర్