సూదికి ముందు ఒక్క నిమిషం

సంపాదకులకు నమస్కారం.

ముప్పయ్యేళ్లు పల్లెల్లో టీకాలు వేసిన ఏఎన్‌ఎంను. సూది వేసిన చోట గడ్డ కట్టి రాత్రంతా ఏడ్చే పసిబిడ్డలను, తడిగుడ్డ పట్టుకుని కూర్చున్న తల్లులను ఎందరినో చూశాను. టీకాకు బలం పెంచేందుకు కలిపే అల్యూమినియం లవణాలు ఆ గడ్డకు ఒక కారణం.

అందుకే బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి పరిశోధన నన్ను కదిలించింది. ఎలుకల చర్మంపై 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల, కంటికి కనిపించని పరారుణ లేజర్ కాంతిని, చర్మం కాలనంత తక్కువ శక్తితో ఒక్క నిమిషం ప్రసరింపజేసి, అక్కడే ఫ్లూ టీకా వేశారు. చర్మంలో కాపలా కాస్తూ క్రిముల ఆనవాళ్లను రోగనిరోధక వ్యవస్థకు చూపే డెండ్రైటిక్ కణాలు చురుకెక్కి లింఫు గ్రంథులకు చేరాయి. రోగనిరోధక స్పందన పెరిగింది. అదనంగా మందేమీ కలపలేదు!

ఎలుకల్లో ఫలించిందల్లా మనుషుల్లో ఫలించదు, నిజమే. పైగా చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కాంతిని పీల్చుకుంటుంది. కాబట్టి మనలాంటి చామనచాయ వాళ్లపైనా పరీక్షించాలి. టీకాల తయారీకి పేరున్న హైదరాబాద్ శాస్త్రవేత్తలు దీన్ని పట్టించుకోవాలని నా విన్నపం.

– ఒక విశ్రాంత ఏఎన్‌ఎం, తెనాలి