ఆ దళం కల్పితమని పిల్లలకు చెప్పాలి

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం తిరుపతిలోని ఒక విద్యాసంస్థలో 1964 నాటి ‘633 స్క్వాడ్రన్’ అనే ఆంగ్ల యుద్ధచిత్రాన్ని విద్యార్థులకు ప్రదర్శించగా, మనవరాలిని వెంటబెట్టుకుని నేనూ వెళ్లాను. పరిచయం చేసిన వక్త దానిని రెండో ప్రపంచ యుద్ధంలో జరిగిన ఘటనగానే చెప్పారు. నిజానికి ఆ బాంబర్ దళమూ, నార్వేలో కొండచరియ కింద ఉన్న ఆ రాకెట్ ఇంధన కర్మాగారమూ కల్పితాలు. ఆ మాట చివరిదాకా ఎవరూ చెప్పకపోవడం నన్ను బాధించింది.

శత్రువుల చేతిలో చిత్రహింసలు పడుతున్న మిత్రుడు రహస్యం బయటపెట్టకముందే, అతడున్న గెస్టపో (నాజీ జర్మనీ రహస్య పోలీసు విభాగం) భవనాన్ని దళనాయకుడు బాంబులతో కూల్చే ఘట్టంలో హాలంతా చప్పట్లు మోగాయి. మా పాప మాత్రం నా చెయ్యి పట్టుకుని, “తాతా, ఆ పక్కన ఇండ్లు లేవా?” అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది. 1945 మార్చి 21న, ఈ సినిమాలో కనిపించే మస్కిటో అనే బ్రిటిష్ విమానాలే డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లోని గెస్టపో కార్యాలయం మీద దాడికి ఇంటికప్పుల ఎత్తున దూసుకెళ్లాయి. వాటిలో ఒకటి దీపస్తంభానికి తగిలి ఒక బడి దగ్గర కూలింది. ఆ మంటలనూ పొగనూ చూసి, వెనుక వచ్చిన విమానాల్లో కొన్ని బడినే లక్ష్యమనుకుని బాంబులు వేశాయి. 86 మంది పిల్లలు చనిపోయారు. మన విశాఖపట్నం, కాకినాడలు కూడా 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు చవిచూసినవే.

సినిమా చూపవద్దని నేననడం లేదు. అందులోని విమానం నిజమైనది, అద్భుతమైనది కూడా. పలుచని బర్చ్ చెక్క పొరల నడుమ బాల్సా అనే తేలికైన చెక్కను ఉంచి జిగురుతో అతికించిన కొయ్య విమానమది. 1944లో మన దేశంలో రెక్కల అతుకులు విడిపోయి ప్రమాదాలు జరగడంతో కొంతకాలం వాటిని ఎగరనివ్వలేదు. కొయ్యబొమ్మల మాధవమాల ఉన్న జిల్లాలో పెరిగే పిల్లలకు ఈ సంగతులు చెబితే ఎంత శ్రద్ధగా విని ఉండేవారో!

ఇదే చిత్రాన్ని వచ్చే నెల చిత్తూరులోనూ ప్రదర్శిస్తామని నిర్వాహకులు ఆనాడే ప్రకటించారు. అక్కడైనా తెర వెలగకముందే, ఈ దళం కల్పితమని ఒక్క మాట చెప్పి, కోపెన్‌హాగెన్ బడిలో ఏం జరిగిందో అర పేజీలో అచ్చువేసి విద్యార్థుల చేతికివ్వాలని మీ పత్రిక ద్వారా వారిని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి